డెప్యుటేషన్ మీద వచ్చిన కీచు

వెనక చక్రాలకు కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేయించిన నాలుగో రోజు పూర్వాహ్నం, బెవర జోగారావు కారులోకి ఒక కీచు శబ్దం డెప్యుటేషన్ మీద వచ్చి ఎడమ వెనక చక్రం దగ్గర విధుల్లో చేరింది. చేరినట్టు నివేదిక రెండు ప్రతులు తీసి వైపరు కింద పెట్టింది. జోగారావు అదేదో కోచింగ్ సెంటరు వాళ్ల కరపత్రం అనుకుని, కనీసం మడత కూడా విప్పకుండా దాంతోనే అద్దం మీద దుమ్ము తుడిచి పారేశాడు. ఈ పొరపాటు సీతంపాలెంలో సగం మంది చేసేదే. అందుకే ధ్వనుల శాఖ వారు మూడో ప్రతి తమ దగ్గర అట్టేపెట్టుకుంటారు.

కాబట్టి జోగారావుకి తెలిసిందల్లా ఒక్కటే. బ్రేకు తొక్కితే వెనక నుంచి కీచుమంటోంది. మామూలు కీచు కాదు, పళ్లు పులిసిపోయే కీచు. అతను ఆ ఊరి ఏరియా ఆసుపత్రిలో ఫార్మసిస్టు. రోజంతా మాత్రలు లెక్కపెట్టి కవర్లలో వేసే మనిషి కనుక నెమ్మదితనం అంటే ఇష్టం. ఆసుపత్రి గేటు దగ్గర కారు ఆపేసరికి ఓపీ లైను మొత్తం వెనక్కి తిరిగి చూసింది. వాళ్లలో జ్వరంతో తల ఎత్తలేనివాళ్లు కూడా ఉన్నారు. జోగారావుకి తల కొట్టేసినట్టయింది.

పాత డిస్కులు నాలుగేళ్లు నోరెత్తలేదు. అంచులు తేలాయి, మార్చేద్దాం అని మెకానిక్ ఎర్నాయుడు అంటే సరేనని మార్పించాడు. ఇప్పుడీ గోల. "బాగున్నదాన్ని కెలుక్కున్నారు" అంది భార్య హైమావతి. ఆవిడ కరెంటాఫీసులో పనిచేస్తుంది. కెలుక్కోవడం వల్ల వచ్చే కష్టాలు రోజూ కౌంటర్లో చూస్తూనే ఉంటుంది.

ఎర్నాయుడు దగ్గరికి తీసుకెళ్లాడు. నాయుడు కారు నడిపించి చూసి, చక్రం ఊడదీసి, కింద కూర్చుని మొదట అడిగిన ప్రశ్న ఇది.

"డిస్కులికి పసుపు రాసినారేటి?"

డిస్కులు ఇంటికి తెచ్చిన రోజు హైమావతి వాటిని దేవుడి గూట్లో పెట్టి, నూనెలో కలిపిన పసుపు రెండు వైపులా దట్టంగా పట్టించి, మూడేసి కుంకుమ బొట్లు పెట్టిన మాట నిజం. ఆ ఊళ్లో అందరూ చేసేదే. నాయుడు డిస్కులు పెట్రోలుతో కడిగాడు. ప్యాడ్ల మొహాలు గరుకు కాగితంతో రుద్దాడు. ఎక్కించి నడిపితే కీచుమంది.

మర్నాడు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ విప్పి, అది జరిగే పిన్నులకు గ్రీజు పెట్టాడు. కీచుమంది. ఆ మర్నాడు డిస్కు వెనక ఉండే దుమ్ము రేకు కొంచెం వంగి రాసుకుంటోందేమోనని వేలితో వెనక్కి లాగాడు. కీచుమంది. ప్యాడు అరిగిపోతే డిస్కుకి తగిలి అరవడానికి ఒక చిన్న రేకు ముక్క పెట్టి ఉంటుంది కదా, దాన్ని చూశాడు. అది డిస్కుకి వేలెడు దూరంలో బుద్ధిగా కూర్చుని ఉంది. ఎడమ ప్యాడ్లు కుడికీ, కుడివి ఎడమకీ మార్చాడు. ప్యాడ్లు మారాయి గానీ కీచు ఎడమ పక్కనే ఉండిపోయింది. ఇలా రెండు వారాలు గడిచాక నాయుడు లేచి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"బాబూ, ఇది నా సేతిలో పని కాదు. ఇది పోస్టింగు."

"పోస్టింగేంటి నాయుడూ?"

"మిషన్లో పుట్టిన సప్పుడైతే దానికి ఏళా పాళా ఉండదు. మరిది ఆదివారం అరిసిందా?"

జోగారావు ఆలోచించాడు. ఆదివారం పెళ్లికని కుటుంబంతో వెళ్లొచ్చాడు, చప్పుడు లేదు. రెండో శనివారం కూడా లేదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రెండింటి దాకా ఎప్పుడూ లేదు. సాయంత్రం అయిదు దాటాక ఎంత తొక్కినా లేదు.

"ధ్వనులాఫీసుకెల్లండి. రిపోర్టుంటాది" అన్నాడు నాయుడు.

ధ్వనుల శాఖ పాత తాలూకాఫీసు మేడ మీద ఉంది. తలుపు కిర్రుమనే పోస్టు ఖాళీగా ఉందేమో, తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. సూపరింటెండెంటు కళావతి గారు కారు నంబరు అడిగి, బీరువాలోంచి ఫైలు తీసి, దుమ్ము దులిపి చదివారు. ఆవిడ మర్యాదస్తురాలు. కుర్చీ వేయించారు.

"కీచు, రెండో శ్రేణి, వెనక ఎడమ. మీ దగ్గర పదిహేనో తారీకు పూర్వాహ్నం చేరింది. హాజరు బాగుంది. మీకేమైనా ఇబ్బందా?"

"ఇబ్బందేంటండీ, చెవులు తూట్లు పడుతున్నాయి. నా ప్యాడ్లు కొత్తవి. అరిగాయని చెప్పడానికి కదా చప్పుడు వచ్చేది. నా దగ్గర అది చెప్పేదేముంది?"

"చెప్పేదేం లేదు కాబట్టే అడిగి మరీ వేయించుకుంది" అన్నారు కళావతి గారు. "కొత్త ప్యాడ్లు, టౌను డ్యూటీ, పని తక్కువ. ఎవరికైనా బాగుంటుంది కదండీ."

ఆవిడ కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూపించారు. జోగారావు కారు డాష్‌బోర్డు పెట్టెలో ఆరేళ్లుగా ఒక టకటక ఉంది. అది ఈ కీచుకి భార్య. భార్యాభర్తలు ఒకేచోట పనిచేయాలన్నది ప్రభుత్వ విధానం. ఆ కింద కొండ మంచుకి గొంతు పడదని డాక్టరు సర్టిఫికెట్టు. ఆ కింద ఒక పెద్దాయన సిఫార్సు ఉత్తరం. అన్నిటికంటే కింద సమ్మతి పత్రం. శబ్దాలు సంతకం చేయలేవు కనుక మూడుసార్లు కీచుమంటే సమ్మతిగా, రెండుసార్లయితే అభ్యంతరంగా రాసుకుంటారు. ఇక్కడ మూడుసార్లు అని రాసి ఉంది.

"కొండ మంచా? ఇంతకు ముందు ఎక్కడ పనిచేసేదండీ?" అన్నాడు జోగారావు.

"శిఖర విద్యావిహార్, బస్సు నంబరు మూడు, వెనక ఎడమ చక్రం. అసలు పోస్టు ఇప్పటికీ అక్కడే. జీతం అక్కడే తీసుకుంటోంది."

శిఖర విద్యావిహార్ ఊరికి తొమ్మిది కిలోమీటర్లలో, సగం కొండ మీద ఉంది. పైకి ఏడు మలుపులు, కిందికి ఏడు మలుపులు. చల్లటి గాలిలో చదువు బాగా ఎక్కుతుందని టౌన్లో కాస్త స్తోమతున్న వాళ్లంతా పిల్లల్ని అక్కడే వేస్తారు. జోగారావు కూతురు రిషిత నాలుగో తరగతి. మూడో నంబరు బస్సులో వెళ్తుంది, మూడో నంబరు బస్సులోనే వస్తుంది. ఈ మధ్య బస్సు ఎంత నెమ్మదిగా, చడీచప్పుడు లేకుండా దిగుతోందో అని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. దండాల బొమ్మలు పెట్టిన వాళ్లలో జోగారావు కూడా ఉన్నాడు.

ఆ మధ్యాహ్నమే నాయుణ్ణి వెంటబెట్టుకుని, టౌన్లో బస్సు ఆగే చోటికి వెళ్లాడు. డ్రైవరు సింహాచలం వద్దనలేదు. నాయుడు బస్సు కిందికి దూరి, కాసేపటికి బయటికి వచ్చాడు.

"ప్యాడు లేదు బాబూ. ఎనకాల రేకే మిగిలింది. ఇనుమూ ఇనుమూ రాసుకుంటన్నాయి."

"మరి చప్పుడేదీ?"

"సప్పుడు సేయాల్సినోడు తమరి కార్లో ఉన్నాడు గదా."

సింహాచలం నెమ్మదిగా అన్నాడు. "నాకూ తెలుస్తందండి. నాలుగో మలుపు కాడ తొక్కితే కాలు కిందకి దిగబడిపోతంది. రెండుసార్లు రాసిచ్చినాను. డ్రైవరు రాస్తే సెల్లదన్నారు. శబ్దం రాయాలంట."

మాట నిజమే. మరమ్మతు మంజూరు చేయాలంటే ఆ చక్రానికి నియమితమైన శబ్దం నుంచి నివేదిక రావాలి. జోగారావు స్కూలుకి వెళ్లి ప్రిన్సిపాల్ గారిని అడిగాడు. ఆయన రిజిస్టరు తెప్పించి, వేలు పెట్టి చూపించారు. మూడో బస్సు వెనక ఎడమ చక్రం శబ్దం పోస్టు భర్తీ అయ్యే ఉంది. ఖాళీ లేదు.

"శబ్దం పోస్టులో ఉంది. ఉండీ అరవలేదు. అంటే బ్రేకులు బాగున్నాయన్నమాట" అన్నారు ప్రిన్సిపాల్.

"అది అక్కడ లేదు సార్. నా కార్లో ఉంది."

"మా రికార్డులో ఇక్కడే ఉందండీ. రికార్డుని కాదని నేను ప్యాడ్లు మారిస్తే రేపు ఆడిట్లో ఎవరు జవాబు చెప్తారు?"

ఇంకో కీచుని అక్కడికి వేయించడానికి కూడా వీల్లేదు. ఉన్న పోస్టు ఒకటే, అది నిండి ఉంది. జోగారావుకి తల ప్రాణం తోకకి వచ్చింది. ఇక మిగిలింది ఒకటే దారి. డెప్యుటేషను రద్దు చేయించి కీచుని వెనక్కి పంపాలి. మర్నాడు పొద్దున్నే దరఖాస్తు రాసుకుని, సంతకం చేసి, ధ్వనుల శాఖ మెట్లెక్కాడు. ఆ మెట్లెక్కుతున్నప్పుడు అతనికి కోపంగా ఉంది. బిడ్డలు ఎక్కే బస్సుని గాలికొదిలేసి, పెళ్లాం పక్కన హాయిగా ఉండటానికి వచ్చిన శబ్దం మీద నిజంగా అరికాలి మంట నెత్తికెక్కింది.

కళావతి గారు దరఖాస్తు పూర్తిగా చదివారు. "న్యాయమైన కోరికే. చేసేద్దాం" అన్నారు. "చిన్న సంగతి. దీనికి డెప్యుటేషన్ ఇచ్చిన జీవో ఒకటుంది. భార్యాభర్తల జీవో. దాన్లోంచి ఒక్క పేరు విడిగా తీయడానికి లేదు. తీస్తే మొత్తం సమీక్షించాలి. అన్ని శాఖలవీ కలిపి మూడువందల పన్నెండు పేర్లు."

"సమీక్షించండి మరి."

ఆవిడ జాబితా తీసి, పెన్ను కొనతో పై నుంచి కిందికి వస్తూ, నలభై ఏడు దగ్గర ఆగారు.

"బెవర జోగారావు, ఫార్మసిస్టు. అసలు పోస్టు, గుమ్మలబంద ఆరోగ్య కేంద్రం. ప్రస్తుతం పనిచేస్తున్నది, సీతంపాలెం ఏరియా ఆసుపత్రి. కారణం, భార్య కరెంటాఫీసు. మీరేనా అండీ?"

జోగారావే. గుమ్మలబంద ఘాట్ రోడ్డు దాటి ఇంకా పాతిక కిలోమీటర్లు పైన. ఆరేళ్ల క్రితం అక్కడ పదకొండు రోజులు పనిచేశాడు. అప్పట్నుంచి అక్కడ మందులు ఇస్తున్నది, అతను వచ్చేశాక చేరిన కొర్రా బొంజుబాబు అనే వాచ్‌మన్. జోగారావు వారానికోసారి ఫోన్లో జ్వరానికి తెల్లవి, కడుపునొప్పికి పచ్చవి, పిల్లలకి సగం విరిచి ఇవ్వమని చెప్తుంటాడు. బొంజుబాబు ఇంతవరకు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పోయిన వర్షాకాలం కంపెనీ వాళ్లు పచ్చ మాత్రల రంగు మార్చినప్పుడు, ఆ మాట చెప్పడం జోగారావు మర్చిపోయాడు. మూడు వారాల తర్వాత గుర్తొచ్చింది. ఆ మూడు వారాల సంగతి బొంజుబాబూ చెప్పలేదు, ఇతనూ అడగలేదు. రికార్డులో ఫార్మసిస్టు పోస్టు నిండే ఉంది కనుక ఇంకెవరూ అడగలేదు.

"నేను బెదిరిస్తున్నాననుకునేరు" అన్నారు కళావతి గారు, నొచ్చుకుంటూ. "నాది నూట తొంభై. నేను పోర్టు సైరన్ల విభాగంలో ఉండాలి. మా ఆయనది ఇక్కడ. మీరు సోమవారం లోపు ఆలోచించుకుని, మూడు ప్రతుల్లో ఇవ్వండి. ఇస్తే నేను పైకి పంపక తప్పదు."

ఇంటికొచ్చి హైమావతికి అంతా చెప్పాడు. ఆవిడ చపాతీల పిండి కలుపుతూ విన్నది. గుమ్మలబంద పేరు వినగానే చెయ్యి ఆగింది.

"మీరు కొండెక్కితే ఈ ఇల్లెలా నడుస్తుందండీ? నెట్‌వర్కు ఉండదు, మలేరియా. ఆ పదకొండు రోజులూ నేనెలా ఉన్నానో మీకు గుర్తు లేదు."

"బస్సుకి బ్రేకుల్లేవు హైమా. మన పిల్ల అందులో ఉంది. నాకు భయంగా ఉంది."

"నాకు మాత్రం లేదా భయం? దాన్ని బస్సు మాన్పించెయ్యండి. పొద్దున్న మీరే కార్లో దింపండి. సాయంత్రం మూడున్నరకి పర్మిషన్ పెట్టుకుని తీసుకొచ్చెయ్యండి."

"మిగతా పిల్లలో?"

హైమావతి చాలాసేపు పిండి పిసికింది. "వాళ్లకీ అమ్మానాన్నలున్నారు. వాళ్లకి చెప్పండి."

చెబుదామనే జోగారావు ఫోను తీశాడు. మూడో బస్సు బ్రేకులు అరిగిపోయాయి అని గ్రూపులో రాశాడు. మీకెలా తెలుసని అడుగుతారు. కీచు నా కార్లో ఉందని రాయాలి. ఎందుకుందంటే భార్యాభర్తల జీవో అని రాయాలి. ఆ జీవో రద్దు చేయించండి అంటారు. రాసింది చెరిపేశాడు. మళ్లీ రాశాడు, మళ్లీ చెరిపాడు. చివరికి అప్పటికే ఎవరో పెట్టిన పుట్టినరోజు శుభాకాంక్షల కింద తనూ ఒక దండం బొమ్మ పెట్టి, ఫోను పక్కన పడేశాడు. ఆ వారమంతా అతను తన మీద తనే అసహ్యపడ్డాడు. అన్నం మాత్రం తిన్నాడు.

సోమవారం వెళ్లి ఫిర్యాదు ఉపసంహరించుకున్నాడు. దానికి 'శబ్దంతో సర్దుబాటు' అనే ఫారం ఉంది. కళావతి గారు ముద్ర వేసి, "మంచి నిర్ణయం" అన్నారు. ఆవిడ కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నట్టే కనిపించారు.

అప్పట్నుంచి జోగారావు రిషితని కార్లో తీసుకెళ్లి, కార్లో తీసుకొస్తున్నాడు. సాయంత్రం నాలుగింటికి స్కూలు వదిలితే ముందు మూడో బస్సు దిగుతుంది, వెనక అతని కారు. ప్రతి మలుపులో కారు కీచుమంటుంది. బస్సు కిక్కురుమనదు. ఒకరోజు శాఖ నుంచి తనిఖీకి వచ్చిన ఉద్యోగి నాలుగో మలుపు దగ్గర గొడుగు వేసుకుని నిలబడి, బస్సు దాటిన రెండు క్షణాల్లో కీచు స్పష్టంగా వినబడిందని రాసుకున్నాడు. శబ్దం డెప్యుటేషన్లో ఉంటూనే అసలు పోస్టు బాధ్యతలు అదనంగా నిర్వహిస్తోందని, దానికి ప్రశంసా పత్రం ఇవ్వవచ్చని నివేదిక వెళ్లింది. పంద్రాగస్టు నాడు ఇచ్చారు కూడా. అందుకోవడానికి కారుతో పాటు జోగారావే వెళ్లాల్సి వచ్చింది. మూడుసార్లు బ్రేకు తొక్కితే చప్పట్లు కొట్టారు.

రోజూ కొండ దిగడం వల్ల దసరాకల్లా అతని కొత్త ప్యాడ్లు నిజంగానే అరిగిపోయాయి. నాయుడు చూసి, "ఇప్పుడిది ఇక్కడుండాల్సిందే బాబూ" అన్నాడు. జోగారావు ప్యాడ్లు మార్పించాడు. ఆ మార్చిన బిల్లు నకలు జతచేసి, శాఖ కీచుని అతని కారులోనే శాశ్వతంగా నియమించింది. దాంతో బస్సు పోస్టు ఖాళీ అయింది. కానీ ఆ చక్రం నుంచి ఏడెనిమిది నెలలుగా ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు కనుక, అక్కడ శబ్దం అవసరం లేదని తేల్చి పోస్టు రద్దు చేశారు. స్కూలు వాళ్లు కొత్త కరపత్రంలో 'నిశ్శబ్ద రవాణా' అని అచ్చు వేశారు.

నవంబరులో ఒకరోజు బొంజుబాబు ఆసుపత్రికి వచ్చాడు. ఫార్మసీ కిటికీ దగ్గర లైన్లో నిలబడి, తన వంతు వచ్చాక ఒక సంచీ ముందుకు తోశాడు. అందులో కొండ చీపుళ్లు, నాలుగు సీతాఫలాలు ఉన్నాయి.

"మా పాప సుబ్బులు ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుతాది బాబూ. శిఖరం స్కూల్లో ఉచితం సీటు ఇచ్చినారు. చదువుకి సీటుంది గానీ బస్సులో సీటు లేదన్నారు. ఇప్పుడు మూడో బస్సులో ఒకటి ఖాళీ ఉందని ఇచ్చినారు. ఎవరిదని అడిగినాను. తమరి పాపదంట."

జోగారావు అతన్ని చూశాడు. ఆరేళ్లుగా గొంతే తప్ప మనిషిని చూడలేదు. తను అనుకున్న దానికంటే చాలా చిన్నవాడు. చెప్పాలనుకున్నాడు. నిజంగానే నోరు తెరిచాడు. వెనక లైన్లో ఎవరో చీటీ ముందుకు చాచారు.

"కిటికీ పక్క సీటు" అన్నాడు జోగారావు. "గాలి బాగా వస్తుంది."

"తమ దయ బాబూ" అని, బొంజుబాబు రెండు చేతులూ జోడించాడు. తర్వాత జేబులోంచి కాగితం తీసి, కొత్తగా వచ్చిన గులాబీ రంగు మాత్రలు దేనికివ్వాలో అడిగి రాసుకుని, బస్సు వేళయిందని వెళ్లిపోయాడు.

మర్నాడు నాలుగింటికి స్కూలు వదిలారు. మూడో బస్సు ముందు కదిలింది. దాని వెనక అద్దంలోంచి రెండు జడల పిల్ల ఒకతె మొహం ఆనించి, కార్లో ఉన్న రిషితకి చెయ్యి ఊపింది. రిషిత కూడా ఊపింది. మొదటి మలుపులో కారు ఎప్పటిలాగే కీచుమంది. రిషిత చెవులు మూసుకుని తండ్రి వైపు చూసింది.

"నాన్నా, మన కారే ఎందుకిలా అరుస్తుంది? వాళ్ల బస్సు అస్సలు అరవదు."

"వాళ్ల బ్రేకులు బాగున్నాయమ్మా" అన్నాడు జోగారావు. బస్సు రెండో మలుపు తిరిగి, కొండ చాటుకి వెళ్లింది.